నవంబర్ 31

నవంబర్ 30. రాత్రి 11 గంటల 59 నిమిషాల 59 సెకన్లు.

ఘుగ్గుస్ బొగ్గు గనుల్లో నైట్ షిఫ్టు నడుస్తోంది. ఇంకొక్క సెకను గడిస్తే డిసెంబర్. మస్టర్‌లో కొత్త నెల, జీతం లెక్కలో కొత్త పేజీ. చేతి గడియారాలన్నీ గీత దాటాయి. ఒక చిప్ మాత్రం దాటలేదు. దాని రిజిస్టర్లలో పడిన తేదీ నవంబర్ 31!

ఈ తేదీ కల్పన కాదు. చైనా కంపెనీ రాక్‌చిప్ తయారుచేసిన ఆర్‌కె808 అనే చిప్ నిజంగానే అలా లెక్కపెట్టింది. 2015లో వచ్చిన ఆసుస్ క్రోమ్‌బుక్ ఫ్లిప్ లాంటి చిన్న ల్యాప్‌టాప్‌లలో కరెంటు సరఫరా చూసుకునేది ఇదే. మిషన్ ఆపేసినా బ్యాటరీ మీద నడిచే గడియారం కూడా ఇందులోనే ఉంది. సెకన్ల లెక్కలో తప్పు లేదు. తప్పంతా నెలల పట్టికలో. నవంబర్‌కు 31 రోజులని సిలికాన్‌లోనే ముద్రపడిపోయింది.

చిప్ నవంబర్ 31 చూపే రోజు మిషన్ ఆన్ చేస్తే ఏమవుతుంది? ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్ తేదీ అడుగుతుంది. చిప్‌తో మాట్లాడే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, చిప్‌లో ఉన్నది చదివి చెబుతుంది. నవంబర్ 31 అనే రోజే లేదు కాబట్టి కెర్నల్ తోసిపుచ్చుతుంది. అసలు ప్రమాదం ఆ మర్నాడు. చిప్ డిసెంబర్ 1 అంటుంది, నిజానికి అది 2వ తేదీ. చూడ్డానికి సరైన తేదీయే కనుక ఎవరికీ అనుమానం రాదు. వదిలేస్తే ఏడాదికో రోజు చొప్పున తేడా పెరుగుతూ పోతుంది.

క్రోమ్ ఓఎస్ ఇంజనీరు జూలియస్ వెర్నర్ 2015 డిసెంబర్‌లో దీనికి మందు రాశాడు. ఏటా డిసెంబర్ 1న చిప్‌లోని తేదీని ఒక రోజు ముందుకు జరిపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. మరి ఆ రోజు మిషన్ ఆపేసి ఉంటే? మూడేళ్లు బీరువాలో పడి ఉంటే? జరిపేదెవరు?

అందుకే చిప్‌ను దాని దారిన వదిలేశాడు. 2016 జనవరి 1న రెండు క్యాలెండర్లూ ఒకటేనని గీత గీశాడు. ఆ తర్వాత ఎన్ని నవంబర్లు దాటాయో డ్రైవర్ లెక్కపెడుతుంది. చదివేటప్పుడు అన్ని రోజులు కలుపుతుంది, రాసేటప్పుడు అన్ని రోజులు తీసేస్తుంది. 2026 జనవరి 1న ఆ చిప్ ఇంకా 2025 డిసెంబర్ 22 దగ్గరే ఉంటుంది. దాటిన నవంబర్లు పది. పది కలిపితే అసలు తేదీ వచ్చేస్తుంది.

మన పంచాంగకర్తలు చేసిందీ ఇలాంటిదే. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటే సుమారు 11 రోజులు తక్కువ. చంద్రుణ్ని నెమ్మదించమనలేరు కాబట్టి అధికమాసం కలిపి లెక్క సరిచేశారు. వెర్నర్ కూడా తన వివరణలో 1582 నాటి పోప్ గ్రెగరీ క్యాలెండర్ సంస్కరణను గుర్తుచేశాడు.

ఒక్క షరతు. ఆ గడియారాన్ని చదివే ప్రతి సాఫ్ట్‌వేరూ అదే 2016 గీతను పాటించాలి. ఒకటి పాటించి ఇంకొకటి పాటించకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

అమ్ముడుపోయిన చిప్‌లోని పట్టికను ఎవరూ చెరపలేరు. తప్పు హార్డ్‌వేర్‌దని డ్రైవర్ రాసేవాడు చేతులు దులుపుకుంటే ఆ భారం వాడేవాడి నెత్తిన పడుతుంది. వెర్నర్ దులుపుకోలేదు. మిషన్ నిద్రపోయే ఏళ్లను సైతం లెక్కలోకి తీసుకున్నాడు. ఈ సర్దుబాటు 2381 వరకు పనిచేస్తుందని కోడ్‌లోనే రాసి ఉంది. పరాయి తప్పును తన బాధ్యతగా భుజాన వేసుకోవడమంటే ఇదే.