గోడవతల పిన్నిగారు

మా వీధి చివర గోడ. గోడవతలే పిన్నిగారిల్లు. పిలిస్తే పలుకుతారు, వెళ్లాలంటే మాత్రం మెయిన్‌రోడ్డు మీదుగా ఊరంతా చుట్టిరావాలి!

ఇలా మూసేసిన వీధులకీ ఓ కథ ఉంది. న్యూయార్క్‌కి 1811లో గీసిన ప్లాను అచ్చం గళ్లచీరే. ఏ వీధి పట్టుకున్నా ఇంకో వీధిలో తేలతాం. తర్వాత మోటారుకార్లు వచ్చాయి, పిల్లల్ని వీధిలోకి పంపాలంటే తల్లులకి గుండెదడా వచ్చింది. అందుకని 1929లో న్యూజెర్సీలో వెలసిన రాడ్‌బర్న్ కాలనీలో క్లారెన్స్ స్టెయిన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు వీధుల్ని చివర మూసేశారు. కార్లు అక్కడితో ఆగిపోవాలి. అయితే ఇళ్లకి రెండోవైపు తోటలు పెంచి, వాటిలోంచి కాలిబాటలు వేశారు. నడిచేవాళ్లకి దారి మూసెయ్యలేదన్నమాట!

తర్వాత అమెరికా ఊళ్లు శివార్లలోకి పాకుతుంటే, కట్టినవాళ్లు చాలాచోట్ల మూసిన వీధిని తీసుకున్నారు, కాలిబాటని వదిలేశారు. ఇక పాలసీసాకైనా కారు తియ్యాల్సిందే. మన కొత్త కాలనీల్లోనూ చాలావాటిది అదే వరస.

పాతబడితే ఇల్లు పడగొట్టి కట్టుకోవచ్చు. వీధి అలాక్కాదు, ఒకసారి వేశాక మనవల దాకా అందులోనే నడవాలి. అందుకే కాలనీ మీటింగులో నేను అడిగింది ఒక్కటే: రోడ్డు వద్దు బాబూ, ఆ గోడలో మనిషి పట్టేంత గేటు పెట్టించండి, చాలు.