గురక నడుమ నిశ్శబ్దం

మా నాన్నగారు గురక పెడితే ఇంటి పెంకులు కదులుతాయని మా అమ్మ నవ్వుతూ అనేది. నడుమ నడుమ ఆ గురక చటుక్కున ఆగిపోయేది. కొంతసేపటికి పెద్ద శబ్దంతో మళ్ళీ అందుకునేది. ఆగినప్పుడు ఆయనకు గాఢనిద్ర పట్టిందనుకొని పిల్లలం గుసగుసలు కూడా మానేవాళ్ళం. ఆ కాస్తసేపూ ఆయనకు ఊపిరే ఆడలేదేమోనన్న ఊహ నాకు అరవయ్యేళ్ళు దాటాక వచ్చింది, అదే జబ్బు నాకున్నదని వైద్యుడు చెప్పిన నాడు.

‘గుర్రుపెట్టి నిద్రపోయాడు’ అంటే మనకు హాయిగా నిద్రపోయాడనే అర్థం. కుంభకర్ణుణ్ణి లేపబోయిన రాక్షసులు అతని నిశ్శ్వాసవేగానికి ఎదుట నిలువలేకపోయారని వాల్మీకి వర్ణించాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా తరగతి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

పాశ్చాత్యులూ నవ్వుతోనే మొదలుపెట్టారు. 1836-37లో వెలువడిన డికెన్స్ నవల ‘పిక్విక్ పేపర్స్’లో జో అనే స్థూలకాయుడైన కుర్రవాడు వడ్డన చేస్తూనే గురక పెడతాడు. 1956లో అమెరికాలో బర్వెల్, ఆయన సహచరులు ఆ నవల పేరుతోనే ఒక వ్యాధిని వర్ణించారు. వారి రోగి ఒక వ్యాపారాధికారి. పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికొచ్చిన శుభసమయాన కునుకుపట్టి ఆట పోగొట్టుకొని, ఆస్పత్రికి వచ్చాడట! అయితే ఆ వైద్యులు అతని బరువునూ, రక్తంలో పెరిగిన బొగ్గుపులుసు వాయువునూ పట్టించుకున్నారు గాని, గొంతు మూసుకుపోవడాన్ని గుర్తించలేదు.

ఆ పని 1965లో జరిగింది. ఫ్రాన్సులో గాస్టో బృందమూ, జర్మనీలో యుంగ్, కూలో అనేవారూ నిద్రించే రోగుల శ్వాసను యంత్రాలతో నమోదు చేశారు. నిద్రలో గొంతు కండరాలు సడలి దారి మూసుకుపోతుంది. ఛాతీ ఎగసిపడుతున్నా గాలి చొరదు. ప్రాణవాయువు తగ్గి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. తెల్లవారితే ఆ మెలకువ గుర్తుండదు. 10 సెకన్లకు తగ్గకుండా ఆగితే ఒక విరామంగా లెక్క. తీవ్రమైన జబ్బులో గంటకు 30కి పైగా ఇలాంటి ఆటంకాలుంటాయి. రక్తపోటుకూ, పగటి కునుకుపాట్లకూ ఇది ఒక మూలం.

తొలి చికిత్స కంఠానికి రంధ్రం చేయడమే. 1981లో సిడ్నీ వైద్యుడు కాలిన్ సలివన్ ముక్కుకు తొడుగు బిగించి, ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా నిలిపాడు. తొలినాళ్ళ యంత్రానికి ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మోటారు వాడారు. నేటి సీపాప్ దాని సంతానమే. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం, కింది దవడను ముందుకు లాగే పళ్ళతొడుగు, కొందరికి శస్త్రచికిత్స – ఇవీ ఉన్నాయి. 2024 డిసెంబరులో అమెరికా స్థూలకాయులకు టిర్జెపటైడ్ సూదిమందును కూడా అనుమతించింది.

మా నాన్నగారు 1974లో నిద్రలోనే పోయారు. అనాయాస మరణమని ఊరంతా అన్నది. కారణం ఇదేనని నేననలేను. సలివన్ యంత్రం అప్పటికింకా ఏడేళ్ళ దూరంలో ఉంది.

నేను తొడుగు పెట్టుకున్న మొదటి రాత్రి గురక లేదు. ఆ నిశ్శబ్దానికి బెదిరి మా ఆవిడ రెండుసార్లు లేచి నా ఛాతీమీద చెయ్యి వేసి చూసిందట.