ఎలుగుబంటి బొమ్మ, తువ్వాలు, ఒక రంగు

1997 ప్రాంతంలో నేను షోలాపూర్‌లో బ్యాంకు ఉద్యోగిగా ఎగుమతి బిల్లులు చూసేవాణ్ణి. తెలంగాణ నుంచి తరాల కిందట వలస వచ్చిన మన పద్మశాలీలు మగ్గాలతో నిలబెట్టిన ఊరది. అక్కడి చద్దర్ల గురించి, తువ్వాళ్ళ గురించి ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఒకరోజు ఒక తువ్వాళ్ళ బిల్లు ఆగిపోయింది. రంగులో ఫలానా రసాయనాలు లేవని పరీక్షశాల ఇచ్చిన పత్రం జతచేయాలని జర్మనీ కొనుగోలుదారు షరతు పెట్టాడు. ఆ పత్రం లేదు. కార్ఖానా యజమాని అరవై దాటిన పెద్దమనిషి. నా బల్ల ముందు కూర్చుని, "తువ్వాలతోటి ఒళ్ళు తుడుచుకుంటరు గని తింటరా సారూ?" అన్నారు.

నేను బి.కాం. చదివినవాణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. చాలా ఏళ్ళ తర్వాత జవాబు దొరికింది, అదీ పిల్లలాడుకునే ఎలుగుబంటి బొమ్మ చరిత్రలో.

1902లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకు వెళ్ళి, కట్టేసి ఉంచిన ఎలుగును కాల్చనన్నాడు. దాని మీద పత్రికలో వ్యంగ్యచిత్రం వచ్చింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఆయన ముద్దుపేరుతో 'టెడ్డీ' బొమ్మ పుట్టింది. అదే ఏడు జర్మనీలోని గీన్‌గెన్ అనే చిన్న ఊళ్ళో ఇంకో ఎలుగు తయారైంది. పసితనంలోనే పోలియో సోకి చక్రాల కుర్చీలో జీవితం గడిపిన మార్గరెట్ స్టైఫ్ అక్కడ బొమ్మల కార్ఖానా నడిపేది. ఆమె మేనల్లుడు రిచర్డ్ కాళ్ళూ చేతులూ కదిలే ఎలుగును రూపొందించాడు. 1903లో లైప్‌జిగ్ సంతలో ఒక అమెరికా వ్యాపారి మూడు వేల బొమ్మలు అడిగాడట. 1907 వచ్చేసరికి ఆ ఒక్క కార్ఖానా ఏడాదికి తొమ్మిది లక్షల పైచిలుకు ఎలుగులు చేసింది.

ఆ బొమ్మ ఒంటికి వాడింది మొహేర్ ప్లష్. నూలు గుడ్డ మీద అంగోరా మేక బొచ్చు నిలబడేటట్టు నేసిన బట్ట అది. మన తువ్వాలు దానికి చుట్టమే. తువ్వాలు మీద దారం ముడివీడని చిన్న చిన్న ఉచ్చులుగా ఉంటుంది, ప్లష్ మీద తెగి నూగులా నిలుస్తుంది.

మేక బొచ్చు పట్టులాంటిది, మన వెంట్రుకలాంటిది. పుల్లటి నీళ్ళలో వేడిచేసే ఆమ్ల రంగులు దానికి బాగా పడతాయి, కింది నూలుకు అంతగా అంటవు. ఇప్పటికీ ఇళ్ళలో చేత్తో ఎలుగులు కుట్టేవాళ్ళు తెల్ల ప్లష్ ముక్క కొని ఇలాగే రంగు వేసుకుంటారు. ముందు గోరువెచ్చటి నీళ్ళలో నానబెడతారు. తర్వాత రంగు నీళ్ళలో ముంచి, నెమ్మదిగా వేడి పెంచి, వినిగర్ పోసి, తెర్లనివ్వకుండా అరగంటో గంటో ఉంచుతారు. నీళ్ళు చల్లారాక జాడించి, ఆరేలోపు నూగు దువ్వుతారు. తొందరపడి మంట పెంచితే రంగు మచ్చలు కడుతుంది. పాత బొమ్మ వెలిసిపోతే దాని అసలు రంగు కుట్ల లోపల చూడాలి. అక్కడికి ఎండ చేరదు.

ఎలుగులు ఎక్కువగా బంగారు వన్నెవి, గోధుమ రంగువి. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగాక ఇంగ్లండు కోసం స్టైఫ్ వారు కొన్ని వందల నల్ల ఎలుగులు చేశారు. సంతాపానికి కూడా రంగు అద్దారన్నమాట.

ఈ రంగులు ఎక్కడివి? 1856లో పద్దెనిమిదేళ్ళ ఇంగ్లీషు కుర్రవాడు విలియం పెర్కిన్ తారు సరుకు నుంచి ఊదా రంగు తీశాడు. ఆ విద్యను జర్మనీ కార్ఖానాలు పెంచి పెద్దచేశాయి. వాటిలో పెద్ద కుటుంబం అజో రంగులది. 1884లో వచ్చిన కాంగో రెడ్ అనే ఎరుపు పటిక వగైరాల అవసరం లేకుండా నేరుగా నూలుకు పట్టింది. పని సులువు, ఖర్చు తక్కువ. కానీ దాన్ని బెంజిడీన్ అనే పదార్థం నుంచి చేసేవారు. అది మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందని తర్వాత తేలింది. రంగుల కార్ఖానా కార్మికుల్లో మూత్రాశయ కంతులు కనబడుతున్నాయని ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లోనే బయటపెట్టాడు.

ఇటువంటి అజో రంగులు కొన్ని ఒంట్లో విరిగి మళ్ళీ ఆ పదార్థాలనే విడుదల చేయగలవు. అందుకే ఒంటికి తగిలే సరుకుల్లో వాటిని జర్మనీ 1994లో చట్టం చేసి ఆపింది. మన ప్రభుత్వం కూడా 1997 నాటికి 112 రంగులను నిషేధించింది. 2002లో ఐరోపా సమాఖ్య అందరికీ వర్తించే నియమం చేసింది. కిలో బట్టకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ జాబితాలో తువ్వాలు ఉంది, గుడ్డ బొమ్మ కూడా ఉంది. అది చదివినప్పుడు నాకు పెద్దాయన ప్రశ్న గుర్తొచ్చింది. తువ్వాలును ఎవరూ తినరు. కానీ పసిపిల్ల ఎలుగు చెవి నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది, తువ్వాలు కొస కూడా వదలదు.

ఆ బిల్లు మూడు నెలలకు తేలింది. పెద్దాయన రంగు మార్చారు, ఖర్చు భరించారు. ఇప్పుడాయన లేరు. ఉంటే ఈ జవాబు చెప్పేవాణ్ణి. విని ఆయన మరో ప్రశ్న వేసేవారనుకుంటాను. వాళ్ళ రంగు తొట్ల దగ్గర పనిచేసేవాళ్ళ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండటం నేను చూశాను. కార్మికుల జబ్బు సంగతి 1895లో తెలిసింది, కొనేవాళ్ళ బిడ్డ కోసం చట్టం 1994లో వచ్చింది. నడుమ తొంభై తొమ్మిదేళ్ళు. నేను చూసిన ఏ బిల్లులోనూ ఆ పద్దు లేదు.