మల్లె అంటు

మల్లెచెట్టుని కడుపు మాడ్చాలని మా బామ్మ సిద్ధాంతం. పుష్యమాసం వచ్చిందంటే చాలు, నూతి పక్కనున్న మల్లెపొదకి నీళ్లు ఆపేసేది. ఆకంతా దూయించి, కొమ్మలు మోకాలెత్తుకి కత్తిరించి, ఆ మోళ్లని ఎండకి వదిలేసేది.

అప్పుడు నాకు పదేళ్లు. చూస్తే జాలేసింది. బామ్మ మధ్యాహ్నం కునుకు తీసేవేళ రోజూ చాటుగా రెండు చెంబులు పోసేవాణ్ణి. పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను. ఫలితం? చైత్రానికి చెట్టు ఏపుగా, పచ్చగా పెరిగింది. మొగ్గ మాత్రం లేదు! సంగతి తెలిసినా బామ్మ తిట్టలేదు. "దానికి కాస్త కష్టం తెలియాలిరా. సుఖంగా ఉంటే ఆకే వేస్తుంది" అంది. మల్లెతోటల రైతులూ చలికాలంలో చేసేది ఇదేనని పెద్దయ్యాక తెలిసింది.

ఆ అపరాధానికి ప్రాయశ్చిత్తమేమో, మల్లె పుట్టుపూర్వోత్తరాలు వెతకడం అలవాటైంది. దాని పుట్టిల్లు మన దక్షిణాసియాయే. అయినా ఇంగ్లీషువాళ్లు 'అరేబియన్ జాస్మిన్' అన్నారు. 1753లో స్వీడన్ పండితుడు లినేయస్ దీన్ని మన పారిజాతం పక్కన కూర్చోబెట్టి 'నిక్టాంథిస్ సాంబాక్' అన్నాడు. 1789లో లండన్ క్యూ తోటల ఎయిటన్ అక్కణ్ణించి లేపి జాజుల వర్గంలో చేర్చాడు. అలా 'జాస్మినమ్ సాంబాక్' అయింది. జాస్మిన్ అన్నది పారసీ 'యాస్మిన్', సాంబాక్ అన్నది అరబ్బీ 'జన్‌బక్'. మన ఇంటిపిల్లకి పేర్లన్నీ పొరుగువాళ్లే పెట్టారన్నమాట! 1934లో ఫిలిప్పీన్స్ వాళ్లు దీన్ని తమ జాతీయ పుష్పం కూడా చేసుకున్నారు. అక్కడ దాని పేరు సంపగీత.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇటలీ కథ. 1670 నుంచి 1723 దాకా టస్కనీని ఏలిన మూడో కాసిమో ప్రభువు గోవా నుంచి ముద్దగా పూసే మల్లెని తెప్పించుకున్నాడట. ఒక్క రెమ్మ కూడా బయటికి పోకూడదని ఆజ్ఞ. తోటమాలి మాత్రం తను చేసుకోబోయే పిల్లకి ఒక రెమ్మ ఇచ్చాడట. ఆమె దాన్ని నాటి, అంట్లు అమ్మి, ఆ డబ్బుతో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారట. నిజమెంతోగాని, ఆ రకం మల్లెని ఇప్పటికీ 'గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ' అనే అంటారు. దాచుకున్నవాడి పేరే నిలిచింది చూడండి!

మా బామ్మ పేరుతో ఏ మల్లే లేదు. ఆవిడ దాచుకోలేదు మరి. కొమ్మని నేలకి వంచి, కణుపు మీద మట్టి కప్పి, కదలకుండా రాయి పెట్టేది. వేళ్లు దిగాక తల్లి నుంచి కోసి, అడిగినవాళ్లకల్లా ఇచ్చేది. పాతికేళ్లకే తాతయ్య పోయాడు. ఆనాటి ఆచారం ఆవిడ తలలోకి మళ్లీ పువ్వుని రానివ్వలేదు. సాయంత్రం మొగ్గలు కోసి, అరటినారతో మాల కట్టి, వీధిలో ఆడపిల్లలందరికీ తలో మూరా పంచేది. అంతా అయ్యాక, ఎవరూ చూడటం లేదనుకుని, తన వేళ్లు ఒక్కసారి వాసన చూసుకునేది.

బామ్మ పోయింది. ఇల్లు చేతులు మారింది. నుయ్యి పూడ్చేశారు, పొదా పోయింది. ఆ మధ్య ఊరెళితే, వెనకవీధిలో ఒక పెరట్లో మల్లె విరగబూసి కనిపించింది. ఆగి చూస్తుంటే ఆ ఇంటి పెద్దావిడ, "మీ మామ్మగారిచ్చిన అంటే బాబూ!" అంది. అడక్కుండానే ఒక అంటు కట్టి, వేళ్లు దిగాక కబురు పెట్టింది.

ఇప్పుడది మా బాల్కనీలో, కుండీలో ఉంది. పుష్యమాసం వచ్చింది, నీళ్లు ఆపేశాను. మధ్యాహ్నమైతే చెయ్యి ఇంకా చెంబు వైపే పోతోంది. పోనివ్వడం లేదు.