ఇందూరు బెల్లము: పుట్టుపూర్వోత్తరములు

బోధన్ అనగానే ఎల్లవారికిని చక్కెర స్ఫురించును. అశ్మక జనపదమునకు రాజధానియైన పోదనపురము ఇదియే యని చరిత్రకారులు పలువురు చెప్పుదురు గాని, ఆ ప్రాచీన వైభవమును తలచువారికంటె, ఊరి చెంత శక్కర్‌నగర్ వెలయుటకు కారణమైన నిజాం చక్కెర కర్మాగారమును తలచువారే యెక్కువ. ఆ కర్మాగారము 1937లో స్థాపితమైనది కావున, ఈ సీమలోని తీపి చరిత్ర యంతయు అచ్చటనే ఆరంభమైనదని భ్రమపడుట సులభము. నా యెఱుకలో చక్కెర ఈ నేలకు వచ్చిన అతిథి, బెల్లము ఇంటిబిడ్డ. ఇందూరు (నేటి నిజామాబాదు) చెరువుల క్రింద చెరకు పండుట, ఆ చెరకు చేనిగట్టుననే బెల్లమగుట, పెద్ద కాలువలు రాకమునుపటి వ్యవహారమే.

చెరకు జన్మస్థానము న్యూగినీ ద్వీపమని వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అయినను దాని రసమును కాచి, గట్టిపఱచి, ఏడాది పొడుగునను దాచుకొను విద్య మన దేశముననే పరిణతి నొందినది. అథర్వవేదమున ఇక్షువు కనబడును. కౌటిల్యుని అర్థశాస్త్రములో కోష్ఠాగారాధ్యక్షుని విధులు చెప్పుచోట ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అను అయిదును ఒకే వర్గముగా పేర్కొనబడినవి. ఒక్కటే రసము నిప్పుమీద నెంత ముదిరెను, దానినుండి మడ్డి యెంత వేఱుపడెను అనుదానినిబట్టి యీ రూపభేదము లేర్పడినవి. పలుచని పాకముననే దించినది ఫాణితము. దానివంటిదానినే మన పొరుగు మరాఠీవారు కాకవి యని నేటికిని రొట్టెతో తినుచున్నారు. అంతకంటె ముదిరినది గుడము, అనగా మన బెల్లము. క్రీ.శ. 647లో చీనా చక్రవర్తి తాయ్‌జోంగ్ ఈ విద్య నేర్చి రమ్మని మగధకు మనుష్యులను పంపెనని తాంగ్ వంశచరిత్ర చెప్పుచున్నది.

చెరకునకు ఓపిక లేదు. నఱికిన గడలోని చక్కెర గంటగంటకును విఱిగి, గట్టిపడని వేఱు చక్కెరలుగా మాఱిపోవును. అందుచేతనే గానుగ ఊరినడుమ గాక చేనివద్దనే నిలిచినది. ఎద్దులు త్రిప్పు కొయ్యగానుగలకును రాతిగానుగలకును మాఱుగా ఇనుపరోలర్ల గానుగలు దేశమున వ్యాపించుట, 1870వ దశకమున బిహారులోని బీహియాలో థామ్సన్, మైల్న్ అనువారు చేసిన యంత్రముతో ఊపందుకొన్నది. పొయ్యియు పెనమును మాత్రము మాఱలేదు.

ఆ పెనము పని నిలిచి చూడదగినది. గుడ్డలో వడకట్టిన రసము మొదట ఆకుపచ్చని బురదనీటివలె నుండును. వేడి యెక్కినకొలది మురికి నురుగై పైకి తేలును. అందులో సున్నపుతేట కొలతగా చేర్తురు; తక్కువైనచో బెల్లము గట్టిపడదు, ఎక్కువైనచో నల్లబడును. బెండకాండములను నలిపి తీసిన జిగురు పోసినచో, మిగిలిన మాలిన్యమును తనలో చిక్కించుకొని పైకి తెచ్చును. దానిని జల్లెడగరిటెతో తీసివేయుదురు. కట్టెలు కొనవలసిన పనిలేదు, మునుపు ఆడిన చెరకు పిప్పి యెండి సిద్ధముగా నుండును. నీరంతయు ఇగిరి పాకము సుమారు 118 డిగ్రీల సెల్సియస్‌ నంటునప్పుడు, ఉష్ణమాపకమన్న మాటయే వినని వంటవాడు ఒక చుక్కను చన్నీట విడిచి, వ్రేళ్లనడుమ ఉండచేసి చూచి, దించుడనును. ఒక్క క్షణ మాలస్యమైనచో మాడువాసన. తొందరపడినచో అచ్చున నిలువని ముద్ద. ఇంత శ్రమకును నూఱు కిలోల చెరకునుండి దక్కునది పది కిలోలకు అటునిటు.

పండిన తీపిని కాచి దాచుకొనుట లోకమంతట నున్న తెలివియే. జర్మనీలో రైన్ నదీప్రాంతపు పల్లెవారు ఒక్కమాఱుగా పండి కుప్పపడు ఆపిలుపండ్లను చిక్కని నల్లపాకముగా వండుకొనిరి. పెన్సిల్వేనియాకు వలసపోయిన జర్మనులు ఆపిలురసమునందు పండ్లముక్కలను పెద్ద రాగిబానలలో ఆరుబయట నుడికించుచు, ఇరుగుపొరుగువారు వంతులుపడి పొడుగు తెడ్డు త్రిప్పగా, దినమంతయు వండి ఆపిల్ బట్టర్ చేసిరి. వెన్న యందు లవలేశమును లేదు. ఇర్వింగ్ నాక్సన్ 1940లో పేటెంటు పొందిన విద్యుత్ కుండను రైవల్ కంపెనీ 1971లో క్రాక్‌పాట్ అను పేర అమ్మనారంభించిన పిమ్మట, తెడ్డు త్రిప్పు బాధ చాలవఱకు తీఱినది: రాత్రి ముక్కలు వేసి, తెల్లవాఱిన పిదప మెదిపి, మూత వారగా పెట్టి ఆవిరి పోనిచ్చినచో చాలును. ఆ కుండలో బెల్లమును వండుద మనువారికి మాత్రము ఆశాభంగమే. ఆపిలుగుజ్జునకు పండులోని పెక్టిను చిక్కదన మిచ్చును. చెరకురసమున కట్టి యూతలేదు, అది నీటిని విడిచి 118 డిగ్రీల కెక్కవలెను, ఆ కుండ యేమో నీరు మరుగు వేడిని దాటలేదు.

మరల మన ఇందూరునకు వత్తము. 1923లో మంజీరపై మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము ఈ సీమ రూపమును మార్చివేసినది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా నిర్మింపబడి, 2,75,000 ఎకరములకు నీరీయ నుద్దేశింపబడిన ఆ జలాశయము క్రింద చెరకు తోటలు విరివియయ్యెను. అచ్చట బ్రిటిషిండియాలో జావా చక్కెరను నిలువరించు రక్షణ చట్టము 1932లో వచ్చి కర్మాగారములు వరుసగా లేచుచుండగా, ఇచ్చట నిజాము ప్రభుత్వమును బోధన్‌లో కర్మాగారము నెలకొల్పినది. దానికి స్వంత వ్యవసాయక్షేత్రములు. గడలు మోయుటకు చిన్నరైలు. పొయ్యి చేనివద్దకు పోవు ఆచారము తలక్రిందులై, చేనే పొయ్యివద్దకు ప్రయాణమైనది. ఆసియాఖండముననే పెద్దదని దానికి పేరు వచ్చెను. తరువాతి కాలమున 1961 నాటి చెరకు సరఫరా, కొనుగోలు చట్టము కర్మాగారములకు ప్రాంతములను ప్రత్యేకించి యీయగా, గానుగకు మిగిలినది మిగులు చెరకే.

2002లో కర్మాగారమున అధికభాగము ప్రయివేటువారి చేతికి పోయెను. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసివైచిరి. ఇన్ని వేల కుటుంబముల బ్రదుకు దానిపై నాధారపడియుండగా అట్లు మూసివేయుట నాకు క్షమింపరాని పనిగా తోచును. రైతులు పెక్కురు వరికిని ఇతర పంటలకును మఱలిరి.

బెల్లము మాత్రము పోలేదు. కామారెడ్డి బెల్లమునకు నేటికిని పేరున్నది. బతుకమ్మనాటి మలీదకును, ఉగాది పచ్చడికిని, మేడారమున బంగారమను పేర సమ్మక్క సారలమ్మలకు సమర్పించుటకును చక్కెర పనికిరాదు. అయినను బెల్లమునకు రెండు కష్టములు వచ్చిపడినవి. నల్లబెల్లమును పటికతో కలిపి గుడుంబా కాచుదురని, దానిని తెచ్చు బండినెల్ల అధికారులు అనుమానించుట యొకటి. పట్టణవాసికి పచ్చగా మెఱయు దిమ్మపై మోజు కలుగుటచే, హైడ్రోస్ అను సోడియం హైడ్రోసల్ఫైటు వేసి రంగు విఱిచి యమ్ముట రెండవది. ఇందులో దోషము గానుగవానికంటె కొనువానిదే హెచ్చు. కావున పాఠకులు గంజుకు పోయినప్పుడు బంగారురంగు దిమ్మను ప్రక్కకు నెట్టి, ముదురెఱుపున కొంచెము మెత్తగా, చూపునకు మొఱటుగా నున్న బెల్లమునే అడిగి కొనుడు.