సముద్రోపరితల ప్రవాహములు: గణితాన్వేషణ చరిత్రము

సముద్రముపై నీరు ఏ దిక్కునకు ఎంత వేగముగ బాఱుచున్నదో తెలియుట వేఱు. నేడిచ్చట బడిన వస్తువు పది దినముల పిమ్మట నెచ్చట దేలునో తెలియుట వేఱు. పూర్వులు చిరకాలము మొదటిదానినే సాధించిరి. అమెరికా నౌకాదళమునకు జెందిన మాథ్యూ మారీ ఓడల దినచర్యా గ్రంథములను సేకరించి, నావికుడు గణించిన స్థానమునకును నిజస్థానమునకును గల యంతరమునే ప్రవాహముగ నెన్ని, 1847 మొదలు పటములను ప్రకటించెను. 1893లో 'ఫ్రాం' నౌకతో ఉత్తరధ్రువ సముద్రమున బ్రవేశించిన నాన్సెన్, మంచు గాలి వీచు దిక్కునకు 20 మొదలు 40 డిగ్రీలు కుడివైపునకు దొలగి పోవుటను గమనింపగా, భూభ్రమణమే యందులకు హేతువని ఎక్మన్ 1905లో సమీకరణములతో నిరూపించెను.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి ముఖ్యముగ దోచునది 1984లో హసన్ ఆరెఫ్ ప్రకటించిన వ్యాసము. రెండు సుళ్లను వంతులవారిగ ద్రిప్పినంతమాత్రముననే, ప్రవాహము క్రమబద్ధమైనను, అందు దేలు కణముల గమనము అస్తవ్యస్తమగునని, ప్రక్కప్రక్కనున్న రెండు కణములు శీఘ్రముగ దూరమై పోగలవని యాతడు చూపెను. వేగపటము చేతనుండియు వస్తువుయొక్క గతి మనకేల యందకున్నదో దీనివలన విశదమైనది.

1992లో ప్రయోగింపబడిన టోపెక్స్-పొసైడాన్ ఉపగ్రహము సముద్రమట్టపు హెచ్చుతగ్గులను గొలిచి, ప్రవాహవేగములను విస్తారముగ గణించు వీలు గల్పించినది. 2000 ప్రాంతమున జార్జి హాలర్, నీటి రాకపోకలను శాసించు అదృశ్య రేఖలను గుర్తించు సిద్ధాంతమును బ్రతిపాదించెను. అందు బ్రసిద్ధమైన యుపాయ మొకటి గలదు: గణనయంత్రమున బ్రతి బిందువు చుట్టును కణములను విడిచి, కొంతకాలమునకు వాని నడుమ దూరమెన్ని రెట్లు పెరిగినదో చూచి, ఆ పెరుగుదలయొక్క సంవర్గమానమును కాలముచే భాగింపవలెను. ఈ విలువ శిఖరశ్రేణివలె నిలిచినచోట నీటిని వేఱుపఱచు హద్దు సాధారణముగ నుండును; కాలమును వెనుకకు నడపి గణించినచో, తేలుచున్నవన్నియు వచ్చి చేరు రేఖ కానవచ్చును. ఫ్రాయ్‌లండ్ ప్రభృతులు వేఱుమార్గము ద్రొక్కి, సముద్రమును గడులుగ విభజించి, ఒక గడినుండి మఱియొకదానికి నీరు చేరు సంభావ్యతల మాత్రికను విశ్లేషించి, 2007లో దక్షిణ మహాసముద్రమున వెడెల్, రాస్ సుడులను గుర్తించిరి.

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను చమురుబావి త్రవ్వకపు వేదిక ప్రేలెను. మే నెలలో నూనెతెట్టు హఠాత్తుగ ఆగ్నేయదిశకు పొడవైన తోకవలె సాగగా, అది ఫ్లోరిడా తీరమునకు జేరునేమోయని జనులు భీతిల్లిరి. ఆ సాగుదల సూచన అంతకుమున్నే ప్రవాహములలో నిహితమైయున్నదని, దానిని ముందుగ గనిపెట్టుట సాధ్యమేయని 2012లో ఒలాస్కొయాగా, హాలరులు నిరూపించిరి. ఎంత యమూల్యమైన జ్ఞానము!

నీట బడిన మనుష్యునకు మిగిలియుండునవి కొన్ని గంటలే గనుక, 2020లో సెర్రా మున్నగువారు తత్క్షణ వేగములనుండియే, తేలు వస్తువులు వచ్చి చేరు ఆకర్షక రేఖలను గణించు పద్ధతిని బ్రకటించిరి. మసాచుసెట్స్ తీరమున విడిచిన తేలుడు పరికరములు రెండు మూడు గంటలలో ఆ రేఖలను జేరుకొన్నవి.