మంచుమీద చాచిన చేతులు

అక్షరము రానివారికిని ఒక సంగతిని బోధింపగలది బొమ్మ. అట్టి బొమ్మలు గీయుటయే జీవనముగా చేసికొనిన యాన్ లైకెన్‌ను గూర్చి కొంచెము వినుడి.

ఆయన 1649వ సంవత్సరమున హాలెండు దేశములోని ఆమ్‌స్టర్‌డాం పట్టణమందు ఒక బడిపంతులు కుమారుడుగా జన్మించెను. యౌవనమున ప్రేమగీతములు వ్రాసి 1671లో అచ్చువేయించెను. అయితే కొలది కాలములోనే ఆయన మనస్సు దేవునితట్టు తిరిగెను. 1673లో మెన్నొనైటు సంఘమున బాప్తిస్మము పొందెను. 1712లో మరణించులోగా 3,000కు పైగా బొమ్మలను రాగిరేకులపై గీసెను.

ఆ పని ఎంతో ఓర్పుతో చేయవలసినది. రాగిరేకుకు మైనపు పూత పూసి, సూదితో ఆ పూతను గీచి బొమ్మ వేయుదురు. పిమ్మట ఘాటైన ద్రావకము పోసినప్పుడు, పూత పోయినచోట మాత్రమే అది రాగిని తినును. ఆ గాట్లలో సిరా నింపి, పైభాగము తుడిచి, తడి కాగితమును యంత్రముతో అదుముదురు. కాగితముమీద కుడి యెడమలు తారుమారగును గనుక గీయువాడు అదియు తలంచుకొనవలెను.

1685లో హతసాక్షుల చరిత్ర గ్రంథమొకటి రెండవసారి అచ్చయినప్పుడు లైకెన్ దానికి 104 బొమ్మలు గీసెను. వాటిలో ఒకటి డర్క్ విల్లెమ్స్ అను విశ్వాసిది. పెద్దవాడైన పిమ్మట మరల బాప్తిస్మము పొందెనని అధికారులు అతనిని పట్టుకొనజూచిరి. అతడు పారిపోవుచు, చలికి గడ్డకట్టిన నీటిమీదుగా ఆవలికి చేరెను. వెంటాడినవాని క్రింద మంచు విరిగి, వాడు మునిగిపోవుచుండెను. డర్క్ వెనుకకు వచ్చి వానిని పైకి లాగెను. బ్రదికినవాడు అతనిని విడిచిపెట్టగోరెను గాని, అధికారి ఒప్పుకొనలేదు. 1569వ సంవత్సరము మే 16వ తేదీన డర్క్‌ను సజీవముగా కాల్చిరి.

చూచితిరా! ఈ బొమ్మలో లైకెన్ ఆ మంటలను గీయలేదు. నీటిలోనుండి చేతులెత్తిన శత్రువును, వంగి రెండు చేతులును చాచిన డర్క్‌ను మాత్రము ముందుంచెను. ఆ మరణము ఇతరులు అతనికి చేసినది. ఆ చేతులు చాచుట అతడు తానుగా చేసినది.

గట్టు తగవులో మీమీద వ్యాజ్యము తెచ్చినవాని యెద్దు రేపు మీ బావిలో పడినయెడల, పగ్గము పట్టుకొని పరుగెత్తుదురా? ఆ మేలు వలన వ్యాజ్యము పోకపోవచ్చును. డర్క్‌కును పోలేదు గదా. అయినను అతడు వెనుకకు తిరిగెను.